ఇష్టం తర్వాతి మాట

కిందటి వారం ఒక ఆసుపత్రి గదిలో అందరూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతుండగా మనం లేచి వచ్చేశాం. ఎందుకు నవ్వారో మరిచిపోయిన వాళ్ళకీ, సంచికను పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళి తిరిగి ఇవ్వని వాళ్ళకీ నాలుగు ముక్కలు చెప్తాను.

మల్కాజ్‌గిరిలో ఉండే జకర్యా మాస్టారు తెలుగు పండితుడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లల చేత సంధులు బట్టీ పట్టించిన మనిషి. ఒంట్లోని కండరాలు ఒక్కొక్కటే మాట వినడం మానేసే జబ్బు ఆయనకు వచ్చింది. ముందు కాళ్ళు పోయాయి, తర్వాత చేతులు, ఆ తర్వాత నాలుక. చివరికి మిగిలింది కుడిచేతి బొటనవేలు. ఆ ఒక్క వేలి కోసం కూతురు ప్రిసిల్లా ఒక పెట్టె తయారుచేసింది. చిన్న స్క్రీను మీద అక్షరాల వెంట ఒక వెలుగు నడుస్తుంటుంది. కావలసిన అక్షరం మీదికి రాగానే మాస్టారు బటన్ నొక్కుతారు. వాక్యం పూర్తయ్యాక బటన్ నొక్కి పట్టుకుంటే, అదంతా ఒక వైరు మీదుగా రెండో పెట్టెలోకి వెళ్ళి స్పీకర్లో గొంతై బయటికొస్తుంది. ఇంట్లో దాని పేరు మాటపెట్టె.

ఊపిరి అందడం కష్టమయ్యేసరికి డాక్టర్ అనుపమ అందరినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. గొంతుకు రంధ్రం చేసి, గొట్టం పెట్టి, ఊపిరి మిషన్‌కు కలిపితే కొన్నేళ్ళు బతకొచ్చు, మంచం మీదే. కలపకపోతే ఎన్నో రోజులు ఉండరు. నిర్ణయం మాస్టారిదే, వద్దంటే ఎవరూ బలవంతం చేయరు. అందరూ చూస్తుండగా బొటనవేలు చాలాసేపు కదిలింది. పెట్టె పలికింది: "నాకు గొంతున గొట్టం పెట్టి మిషన్ మీద బతకడం ఇష్టం."

అలాంటప్పుడు కూడా గొంతులో అనకుండా గొంతున అనడం ఆయనకే చెల్లు. ఆయన భార్య కాంతమణి "స్తోత్రం!" అని అరిచిన అరుపుకి వరండాలో నర్సులు తొంగిచూశారు. మాస్టారి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. సంతోషం పట్టలేక ఏడుస్తున్నాడన్నారు. కాంతమణే ఆయన ఒళ్ళోంచి పెట్టె తీసి పక్కన పెట్టింది. ఆ పూటే ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. మనం అక్కడ ఆగాం.

కథ అక్కడే ఆగిపోయి ఉంటే బాగుండేది. ఈ వారం రాయాల్సింది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

* * *

ఐసీయూలోకి మాటపెట్టెను మొదట రానివ్వలేదు. మత్తు పూర్తిగా దిగేదాకా ఆయన్ని కదిలించొద్దన్నారు. ఈ రోజు పొద్దున అనుపమ ఫోన్ చేసి, "సాయంత్రం విజిటింగ్ టైముకి పెట్టె పట్టుకొచ్చేయండి, సార్‌తో మాట్లాడదాం" అంది. ప్రిసిల్లా కాళ్ళు నేల మీద నిలవలేదు. పెట్టెను సంచిలో వేసుకుని మౌలాలి దగ్గరున్న తన ఆఫీసుకు పరుగెత్తింది. ఆపరేషన్ హడావిడిలో ఎక్కడైనా వైరు వదులైందేమో ఒకసారి చూసుకోవాలని.

ఆమె పనిచేసేది చిన్న కంపెనీ. కరెంటు మీటర్ల లోపల ఉండే బోర్డులకు ప్రోగ్రాములు రాస్తారు. పక్క బల్ల అతీక్‌ది. బోర్డులు గీసేదీ అతికించేదీ అతను, వాటికి మాటలు నేర్పేది ఈమె. మాటపెట్టెకు చెక్కపెట్టె చేయించి తెచ్చింది కూడా అతనే.

"జెర పొడుగ్గా ఏదైనా కొట్టు అతీక్. వైరు ఆగి ఆగి పనిచేస్తుందేమో చూద్దాం," అంది ప్రిసిల్లా.

పరీక్ష కోసం పెట్టెకు మామూలు కీబోర్డు తగిలించింది. అతీక్ టీ గ్లాసు పక్కన పెట్టి, పండగ సామాను కోసం వాళ్ళమ్మ తనను వెంటబెట్టుకు తిప్పడం తలచుకుని ఓ వాక్యం కొట్టాడు. పెట్టె గంభీరంగా పలికింది: "రేపు మా అమ్మీ మోండా మార్కెట్ కి వస్తే సంచి నేను." అంతే, ఆగిపోయింది.

"సంచి నేనా?" అతీక్ కుర్చీలోంచి లేచాడు. "గిదేందీ! సంచి నేను మోయను అని కొట్టిన. నీ పెట్టె నన్నే సంచి జేసింది గదా!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. మళ్ళీ పంపారు. మళ్ళీ "సంచి నేను" దగ్గరే ఆగింది. మూడోసారీ అక్కడే. అప్పటికి ప్రిసిల్లా నవ్వడం మానేసింది. వైరు వదులైతే ఒకసారి ఒకచోట, ఇంకోసారి ఇంకోచోట ఆగాలి. ప్రతిసారీ ఒకేచోట ఆగుతోందంటే తప్పు వైరుది కాదు, రాసినవాళ్ళది.

ఇక్కడ నేను ఆ పెట్టె సంగతి కొంచెం చెప్పాలి. భయపడకండి, పరీక్ష పెట్టను. ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి వైరు మీద మాట పంపడాన్ని వీళ్ళ భాషలో సీరియల్ అంటారు. ఒక ముక్క వెనక ఇంకో ముక్క, వరస తప్పకుండా. వారం వారం మీకు నేను చేస్తున్నదీ అదే. అవతలి పెట్టె వచ్చిన ముక్కలన్నిటినీ వరసగా గదుల్లో పేర్చుకుని, వాక్యం అయిపోయింది అన్న గుర్తు రాగానే చదువుతుంది. ఆ గదులు నూట ఇరవై ఎనిమిది. మీటర్లకు అది బోలెడు. మీటరు పంపే అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ ఒక్కొక్కటి ఒక్క గదిలో పడతాయి. నిండిన తర్వాత ఏదైనా వస్తే అది వైరు మీది గోల అనుకుని పారేయడం ఆ కంపెనీలో పాత అలవాటు. తండ్రి కోసం పెట్టె చేసే తొందరలో ప్రిసిల్లా ఆ మీటరు ప్రోగ్రామునే తెచ్చి ఇందులో పెట్టింది.

తెలుగు అక్షరం ఒక్క గదిలో పట్టదు. కొమ్ముకు మూడు గదులు, దీర్ఘానికి మూడు, సున్నకు మూడు. "ష్ట" అనే ఒక్క ఒత్తక్షరం తొమ్మిది గదులు ఆక్రమించుకు కూర్చుంటుంది. ఈ సంగతి ప్రిసిల్లాకు తెలియనిది కాదు. తెలిసి కూడా ఆ రోజు తట్టలేదు. "నీళ్ళు కావాలి", "ఫ్యాను తగ్గించు" లాంటి చిన్న మాటలతో పరీక్ష చేసింది, అన్నీ చక్కగా పలికాయి. నెలల తరబడి ఇంట్లో కూడా అంతకు మించిన పొడుగు మాట ఎవరూ ఆడలేదు. ఒక్క బొటనవేలితో మాట్లాడే మనిషి పొదుపుగానే మాట్లాడతాడు కదా.

ఒక్కరోజు తప్ప.

ప్రిసిల్లా కీబోర్డు తన ముందుకు లాక్కుంది. తండ్రి ఆ రోజు చెప్పిన వాక్యాన్ని అక్షరం పొల్లు పోకుండా కొట్టి గదులు లెక్కపెట్టింది. "ఇష్టం" దగ్గర నూట ఇరవై ఏడు. దాని తర్వాత ఖాళీకి ఒకటి. అక్కడితో ఇల్లు నిండింది.

ఇంకోసారి కొట్టింది. ఈసారి చివర "లేదు" చేర్చింది.

"నాకు గొంతున గొట్టం పెట్టి మిషన్ మీద బతకడం ఇష్టం," అంది పెట్టె.

అతీక్ ముఖం మాడిపోయింది. "అంటే... మీ డాడీ ఆ రోజు..."

"తెలీదు అతీక్. ఇష్టం అని ఆపేసి ఉండొచ్చు. ఇష్టం లేదు అని కూడా ఉండొచ్చు. రెండూ బయటికి ఒక్కలాగే వస్తాయి."

"ఎట్లనన్నా దెలుసుకోరాదా? లోపల ఏడన్నా ఉంటదేమో జూడు."

"ఉండదు. గదుల్లో పడితేనే ఉన్నట్టు. పడని అక్షరం ఎక్కడా ఉండదు." ఆమె స్క్రీను మీద ఒక లైను చూపించింది. నిండితే ఏం చేయాలో చెప్పే లైను. దాని పక్కన గుర్తు కోసం ఎప్పుడో తనే సరదాగా రాసుకున్న మాట ఉంది: మిగిలింది చెత్త.

"నిండిందని అవతలి పెట్టె ఇవతలికి జెప్పలే?"

"చెప్పడానికి వైరు ఉంటే కదా. పంపే వైరు ఒక్కటే కలిపాను. తిరుగు వైరు ఎందుకులే అనుకున్నా. డాడీ మాట్లాడతారు, పెట్టె వింటుంది, అంతేగా అనుకున్నా."

తెలుగు వాక్యంలో ఔనూ కాదూ తేలేది చివరే. జకర్యా మాస్టారు క్లాసులో ఈ మాట ఎన్నిసార్లు చెప్పారో. కర్తను చూసి మురిసిపోకండ్రా, క్రియ దాకా ఓపిక పట్టండి అనేవారు. సొంత కూతురు చేసిన పెట్టె మాత్రం క్రియ దాకా ఓపిక పట్టలేదు. నాకు ఆ అమ్మాయి మీద జాలీ ఉంది, ఒళ్ళు మండే కోపమూ ఉంది. రెండిట్లో ఏది ఎక్కువో చెప్పలేను.

దిద్దడానికి పట్టిన సమయం చెప్తే మీకూ మండుతుంది. గదుల సంఖ్య ఉన్నచోట పెద్ద అంకె వేసింది. తిరుగు వైరు అతీక్ అతికించాడు. అతని టీ ఇంకా చల్లారలేదు. పెట్టె ఇప్పుడు ఎంత పొడుగు వాక్యమైనా చివరిదాకా చదువుతోంది. "మోయను" అని కూడా స్పష్టంగా అంది. ఎవరూ నవ్వలేదు.

"పరేషాన్ గాకు ప్రిస్సీ," అన్నాడు అతీక్, ఏం అనాలో తెలియక. "పొయ్యి ఆయన్నే అడుగు."

* * *

ఆసుపత్రి మూడో అంతస్తులో ఐసీయూ బయట నీలం కుర్చీల వరస ఉంది. కాంతమణి చివరి కుర్చీలో ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రైల్వే ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. చర్చిలో పాట ఎత్తుకుంటే చివరి బల్లల వాళ్ళు కూడా తలెత్తుతారు. బాపట్ల నుంచి వచ్చి ఇన్నేళ్ళయినా ఆ యాస మాత్రం ఇంకా ఆమెను వదల్లేదు.

"తెచ్చావా?" అంది కూతురి భుజాన సంచి చూసి. "రా, కూర్చో. ఇంకా పిలవలేదు."

ప్రిసిల్లా కూర్చోలేదు. నిలబడే, ఆఫీసులో జరిగింది మొత్తం చెప్పింది. గదులూ అంకెలూ వదిలేసి, పొడుగు వాక్యమైతే పెట్టె చివరి మాట మింగేస్తోందని చెప్పింది. ఆ రోజూ మింగి ఉండొచ్చని చెప్పింది.

కాంతమణి అంతా వింది. ఫ్లాస్కు మూత బిగించింది. బిగిసి ఉన్నదాన్నే మళ్ళీ బిగించింది.

"ఇప్పుడు బాగైందిగా?"

"అయింది మమ్మీ. కానీ ఆ రోజు..."

"అయితే ఇంక ఆ సంగతి ఎందుకే? డాక్టరమ్మతో ఇవన్నీ అనబాకు. మిషన్ల గురించి నీకు తెలుసు, మనుషులకి ఎందుకు చెప్పడం."

"మమ్మీ, డాడీ ఏమన్నారో మనకి తెలీదు. అది తెలుసుకోవాలి కదా!"

"నాకు తెలుసు," అంది కాంతమణి.

ప్రిసిల్లాకు ముందు అర్థం కాలేదు. భార్యాభర్తలు ఒకరి మనసు ఒకరికి తెలుసని చెప్పుకునే మాట అనుకుంది. కాంతమణి కూతురి వంక చూడకుండా, ఎదురుగా గోడ మీది చేతులు కడుక్కునే విధానం బొమ్మల్ని చూస్తూ చెప్పింది.

"కుర్చీ వెనకాల నిలబడింది నేనేగా. స్క్రీను చూశాను. లేదు అని రాశాడు. ల కి ఏత్వం, ద కి కొమ్ము. చక్కగా రాశాడు. ఆ తర్వాతే బటన్ నొక్కి పట్టుకున్నాడు."

వరండాలో స్ట్రెచర్ ఒకటి చక్రాలు కీచుమంటూ వెళ్ళింది. ప్రిసిల్లా ఆ బొమ్మలకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"చూసి... చూసి కూడా చెప్పలేదా?"

"పెట్టె చెప్పలేదు. నేనెందుకు చెప్పాలి?"

"మమ్మీ!"

"అరవబాకు. రూలు పెట్టింది ఎవరు? నువ్వేగా." కాంతమణి గొంతు పైకి లేవలేదు, అదే భయంగా ఉంది. "డాడీ రాస్తుంటే స్క్రీనులోకి తొంగి చూడకూడదన్నావు. సగంలో మాట అందుకోకూడదన్నావు. డాడీ మాట డాడీ నోటినుంచే రావాలి, పెట్టె పలికిందే ఆయన మాట, నువ్వు మధ్యలో దూరి చెప్పొద్దు అని నా మీద గంతులేశావు గుర్తుందా? ఆయనకి కాఫీ వద్దని నేను చెప్పానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు. మొదటి రూలు తప్పాను, ఒప్పుకుంటాను. రెండోది మాత్రం నువ్వు చెప్పినట్టే పాటించాను."

ఆ కాఫీ గొడవ ప్రిసిల్లాకు గుర్తుంది. ఆ రూలు తనే పెట్టింది. ఎంత గర్వంగా పెట్టిందో కూడా గుర్తొచ్చింది. నోరు లేని మనిషి తరఫున అందరూ మాట్లాడేస్తుంటే చూడలేక, తండ్రి గౌరవం కాపాడుతున్నాననుకుని పెట్టింది.

"స్తోత్రం అని అరిచావు కదా మమ్మీ. అబద్ధం కదా అది."

"అబద్ధం కాదు." ఇప్పుడు కాంతమణి కళ్ళు నిండాయి. "అంతకు ముందు రాత్రంతా ఏమని ప్రార్థన చేశానో నీకు తెలుసా? ఈయన వద్దంటాడు, ఆ మాట నా చెవిన పడకుండా చెయ్యి ప్రభువా అని. ఆ మాట స్క్రీను మీద కనపడింది, చెవిన పడలేదు. నా కళ్ళ ముందే మాయమైపోయింది. నేనేమనుకోను మరి? దేవుడే మింగేశాడు అనుకున్నాను."

"దేవుడు కాదు మమ్మీ. నేను. నేను రాసిన లైను మింగింది."

"ఏమో! నీ చేత ఆయనే అలా రాయించాడేమో. అంత చదువుకున్నదానివి, ఆ చిన్న లెక్క నీకెందుకు తప్పాలి?"

ఎవరైనా ఇంకేమైనా అని తిడితే ప్రిసిల్లా తట్టుకునేది. తప్పు చేసినందుకు మెచ్చుకుంటుంటే ఏం చేయాలో తోచలేదు. కుర్చీలో కూలబడింది.

"ఆయన వద్దన్నదల్లా వద్దేనా ప్రిస్సీ?" కాంతమణి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పెళ్ళిచూపులకొచ్చి, నన్ను చూసి, పిల్ల వద్దు అన్నాడు. గొంతు మరీ పెద్దదిట! మా నాన్న వినలేదు. తర్వాత ఆ గొంతు లేందే అన్నం ముద్ద దిగేది కాదు ఆయనకి. వద్దంటూనే అన్నీ చేశాడు జీవితమంతా. ఇదీ అంతే అనుకున్నాను. రెండు రోజులు పోతే సర్దుకుంటాడు అనుకున్నాను."

"సర్దుకున్నారా?"

కాంతమణి ఫ్లాస్కు కింద పెట్టింది. రోజూ పదేసి నిమిషాలు అద్దం తలుపు దాటి లోపలికి వెళ్ళి చూసి వస్తున్నది ఆమే. ఆయన ఆమె వంక చూడటం లేదు. కళ్ళు మూసుకుంటున్నాడు. మత్తు అని నర్సులు చెప్పారు, మత్తు అనే ఆమె అందరికీ చెప్పింది.

"పెట్టె లోపలికి తీసుకెళ్ళొద్దే," అంది చివరికి, కూతురి చెయ్యి పట్టుకుని. "రిపేరుకి ఇంకా టైం పడుతుందని చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటాను. లోపలికెళ్ళాక ఆయన ఆ మాట మళ్ళీ అంటే? అప్పుడేం చేస్తాం? మిషన్ తీసెయ్యమని నువ్వు చెప్తావా? నేను చెప్పనా?"

అదే కదా అసలు ప్రశ్న. పెట్టె ఇవ్వకపోతే ఆయన బతికుండగానే నోరు నొక్కినట్టు. ఇస్తే, ఆయన అడగబోయేది ఇచ్చే శక్తి తల్లికీ లేదు, కూతురికీ లేదు. ప్రిసిల్లా తల్లి చేతిని విడిపించుకోలేదు. సంచిని భుజం మీంచి దించనూ లేదు. ఎంతటి ప్రోగ్రాములో తప్పునైనా వెతికి పట్టుకునే పిల్ల, ఈ రెంటిలో ఏది తప్పో తేల్చుకోలేకపోయింది.

అద్దం తలుపు తెరుచుకుంది. డాక్టర్ అనుపమ ముఖం మీది మాస్కు దించుకుంటూ, "పెట్టె తెచ్చారా? గుడ్. రండి, సార్ ఇప్పుడు బాగా మెలకువగా ఉన్నారు," అంది.

ప్రిసిల్లా లేచింది. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"డాక్టర్, ఆ రోజు పెట్టె పూర్తిగా చెప్పలేదు. అందులో ఒక తప్పుంది. డాడీ చెప్పినదాంట్లో చివరి మాట పోయింది."

అనుపమ ఆగిపోయింది. "చివరి మాటా? ఏం మాట?"

ప్రిసిల్లా తల్లి వంక చూసింది. కాంతమణి నేల చూస్తోంది. ఇక్కడ ఒక్క మాట అంటే చాలు, తల్లి చేసింది బయటపడుతుంది. అనకపోతే తండ్రికి జరిగింది పూడిపోతుంది.

"తెలీదు," అంది ప్రిసిల్లా. ఆ మాట అన్నందుకు వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

అనుపమ అద్దం తలుపు మూసింది. "చూడండి, ఇది చిన్న విషయం కాదు. ఒకసారి మిషన్ పెట్టాక తీయడం పెట్టినంత సులువు కాదు, నా ఒక్కదాని చేతిలో ఉండేదీ కాదు. కానీ ఆయన వద్దన్నారంటే మాత్రం నేను పైవాళ్ళకి చెప్పి తీరాలి. మనలో మనం అనుకోవడం ఎందుకు, ఆయన్నే అడుగుదాం."

* * *

లోపల ఊపిరి మిషన్ బుస్సుమని నింపుతోంది, ఉస్సుమని వదులుతోంది. జకర్యా మాస్టారి కళ్ళు తెరిచి ఉన్నాయి. మెడకు తెల్లటి పట్టీ, దాని మధ్యలోంచి గొట్టం. ప్రిసిల్లా ఆ గొట్టం వైపు చూడకుండా స్పీకరు పెట్టెను మంచం కడ్డీకి తగిలించింది. స్క్రీను పెట్టెను ఆయన కళ్ళకు ఎదురుగా నిలబెట్టింది. రెంటినీ వైరుతో కలిపింది. బటన్‌ను బొటనవేలి కింద పెడుతుంటే ఆ వేలు ఆమె వేలిని మెల్లగా ఒకసారి నొక్కింది. ఆమెకు ఏడుపు ఆగలేదు.

"సార్," అంది అనుపమ ముందుకు వంగి. "ఆ రోజు మీరు చెప్పింది పెట్టె సగమే పలికిందని మీ అమ్మాయి అంటోంది. ఇప్పుడు బాగుచేసింది. దాచకుండా చెప్పండి. ఈ మిషన్‌కి మీరు ఒప్పుకున్నారా, వద్దన్నారా?"

బొటనవేలు కదలడం మొదలైంది. రూలు ప్రకారం ప్రిసిల్లా స్క్రీను చూడలేదు. కాంతమణి కూడా చూడలేదు. మంచం కడ్డీని రెండు చేతులా పట్టుకుని పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. వెలుగు అక్షరాల వెంట నడుస్తోంది, ఆగుతోంది, మళ్ళీ మొదటికొస్తోంది. ఒక్కో అక్షరానికి మిషన్ రెండుసార్లు ఊపిరి తీస్తోంది. అనుపమ గడియారం చూసుకోలేదు, అందుకు ఆమెకు దణ్ణం పెట్టాలి.

బటన్ నొక్కి పట్టుకున్నాడు. పెట్టె పలికింది, చివరిదాకా, ఒక్క కొమ్ము కూడా పోకుండా:

"ఆ రోజు నేను నిండు మనసుతోనే ఒప్పుకున్నాను డాక్టర్ గారూ. అమ్మాయి పెట్టె తప్పు గానీ మా ఆవిడ తప్పు గానీ ఏమీ లేదు."

అనుపమ గట్టిగా ఊపిరి వదిలింది. "థాంక్యూ సార్. నా గుండె మీంచి బరువు దింపారు," అని ఆయన భుజం తట్టి, పక్క మంచం వాళ్ళు పిలుస్తుంటే వెళ్ళిపోయింది.

ఆవిడ తప్పు సంగతి ఆయన్ని ఎవరూ అడగలేదు. డాక్టర్ ఆ మాట పట్టించుకోలేదు గానీ, మంచానికి అటూ ఇటూ నిలబడ్డ ఇద్దరికీ అది దిగాల్సిన చోట దిగింది. ఆమె స్క్రీను చూసిందని ఆయనకు మొదటినుంచీ తెలుసు. కుర్చీకి ఎదురుగా కిటికీ అద్దం ఉందేమో, భుజం మీద ఆమె ఊపిరి తగిలిందేమో, ఎలా తెలిసినా తెలుసు. తెలిసి, ఆపరేషన్ గదిలోకి వెళ్ళాడు. ఇప్పుడు వాళ్ళిద్దరినీ కాపాడటం కోసం తన మాట తనే మింగేశాడు. ప్రిసిల్లా గదులు పెంచింది, వైరు కలిపింది, పెట్టెలో ఇక ఏ తప్పూ లేదు. మనిషి కావాలని చెప్పిన అబద్ధాన్ని దిద్దే లైను మాత్రం ఎక్కడ రాయాలో ఆమెకు తెలియదు.

"ఏవండీ," అని కాంతమణి ఏడుస్తూ ఆయన చెంప మీద చెయ్యి వేసింది. "ఏవండీ, నన్ను..."

ఆయన ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఆమెను చాలాసేపు చూశాడు. తర్వాత చూపు కూతురి మీదికి తిప్పాడు. బొటనవేలు మళ్ళీ మొదలుపెట్టింది.

మాటపెట్టెకు గుసగుస రాదు. ఉన్నది ఒక్కటే గొంతు, గదంతా వినపడేది. రహస్యం చెప్పుకోవాల్సి వస్తుందని ప్రిసిల్లా ఎన్నడూ అనుకోలేదు మరి. అందుకే ఆ తర్వాతి మాట ఎవరు వినకూడదో వాళ్ళకే అందరికంటే ముందు వినపడింది:

"ప్రిస్సీ, మీ అమ్మను బయటికి పంపు. నువ్వు ఒక పని చేసిపెట్టాలి. ఆమెకు తెలియకూడదు."

కాంతమణి చెంప మీంచి చెయ్యి తీసింది. గుమ్మం వైపు ఒక్క అడుగు కూడా వేయలేదు. మాస్టారి బొటనవేలు ఆగకుండా ఇంకో అక్షరం నొక్కింది, ఇంకోటి నొక్కింది. ఆమె మంచం కడ్డీ మీదుగా చెయ్యి చాచి, రెండు పెట్టెల మధ్య వేలాడుతున్న వైరును పిడికిట్లో పట్టుకుంది.

"మమ్మీ, వద్దు," అంది ప్రిసిల్లా. ఆ చేతిని పట్టుకుని ఆపే ధైర్యం మాత్రం ఆమెకు రాలేదు.